గోల్ ముందు హైదరాబాద్ గోడ

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు చివరి పతకం తెచ్చిన కెప్టెన్ నయీముద్దీన్
కోచ్‌గా ద్రోణాచార్య అందుకున్న ఏడేళ్లకు గానీ ఆటగాడిగా అర్జున రాలేదు

రాజపాళయం: ఇక్కడ రైలెక్కి తెన్‌కాశి, సెంగోట్టై దాటి, పడమటి కొండలెక్కి దిగితే కొల్లం. పాతతరం వాళ్లకు అది క్విలాన్. ఒకప్పుడు మీటర్‌గేజ్ బండి ఈ ఘాట్ మీద మూలుగుతూ వెళ్లేది. ఆ ఊరితో తెలుగువాళ్లకు ఓ జ్ఞాపకం ఉండాలి. ఎందుకో లేదు! 1965-66 సీజన్‌లో సంతోష్ ట్రోఫీ జాతీయ ఫుట్‌బాల్ పోటీలు జరిగింది అక్కడే. ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి కప్పు ఎత్తుకుపోయింది ఆంధ్రప్రదేశ్. అంతకుముందు హైదరాబాద్ పేరుతో 1956-57లో, 1957-58లో వరుసగా రెండుసార్లు గెలిచారు. ఆంధ్రప్రదేశ్ అనే పేరుతో గెలిచింది మాత్రం ఆ ఒక్కసారే. మనూరి కొండకు అవతలి పక్కనే.

అప్పటి హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే అంతటి మాట. కలకత్తా క్లబ్బుల పెద్దలు జట్టు కట్టాలంటే ముందు హైదరాబాద్ వైపు చూసేవారు. అలా వాళ్ల కంట్లో పడి, 1966లో ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకున్న కుర్రాళ్లలో ఇద్దరి పేర్లు ఆ తర్వాత దేశమంతా మోగాయి. ఒకరు మహమ్మద్ హబీబ్. ఫార్వర్డ్. ఇంకొకరు సయ్యద్ నయీముద్దీన్. డిఫెండర్.

హబీబ్ అనగానే పాత అభిమానులు 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన మ్యాచ్ గురించి మొదలుపెడతారు. పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున హబీబ్ గోల్ కొట్టడం, మ్యాచ్ 2-2తో ముగియడం... నిన్న జరిగినట్టు చెబుతారు. మరి నయీముద్దీన్ గురించి అడిగితే? ‘‘స్టాపర్ కదా, గట్టోడు’’ అంటారు. అక్కడితో ఆగిపోతారు. డిఫెండర్ల కథ ఎప్పుడూ ఇంతే. గోల్ కొట్టిన క్షణం ఫొటోలో ఉంటుంది. పడకుండా ఆపిన గోల్‌కు ఫొటో ఎక్కడుంటుంది?

పంతులుగారి బడి

నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆయన పెరిగిన కాలంలో ఆ నగరంలో ఫుట్‌బాల్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. అందరూ ‘రహీం సాబ్’ అనేవారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టు పగ్గాలు పట్టుకున్నారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. బొంబాయిలో జరిగే ఆ టోర్నమెంట్‌కు మిగతా జట్లు రెండో స్థానం కోసం వచ్చేవని చెప్పుకొన్నా తప్పులేదు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం... అన్నీ ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. 2024లో అజయ్ దేవగణ్‌తో వచ్చిన ‘మైదాన్’ హిందీ సినిమా ఆయన మీద తీసిందే.

రహీం సాబ్ పోటీలు పెట్టే తీరు విచిత్రంగా ఉండేది. ఒక టోర్నమెంట్‌లో బంతిని డ్రిబుల్ చేయకూడదు. వచ్చిన బంతిని వచ్చినట్టే తోటి ఆటగాడికి అందించాలి. ఇంకో టోర్నమెంట్‌లో వాటమైన కాలు వాడకూడదు. కుడికాలి వాళ్లు ఎడమతోనే తన్నాలి. చూసేవాళ్లకు నవ్వులాటగా ఉండేదేమో గానీ ఇలాంటి ఆటల్లో పెరిగిన పిల్లలకు బంతి ఏ పక్కనుంచి వచ్చినా కంగారుండదు. డిఫెండర్‌కు కావలసింది సరిగ్గా అదే. ఫార్వర్డ్ ఎడమకాలితో తడబడితే ఒక అవకాశం పోతుంది. డిఫెండర్ తడబడితే గోల్ పడుతుంది.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి నయీముద్దీన్‌కు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. కానీ పంతులు పోయినా బడి అప్పుడే మూతపడలేదు. క్రమశిక్షణ, ఒంటి దృఢత్వం, ముందు జట్టు తర్వాతే నేను అనే పట్టుదల... నయీముద్దీన్ తర్వాతి జీవితమంతా ఈ మూడింటి చుట్టూనే తిరిగింది. ఆ పట్టుదలే ఆయనకు పేరు తెచ్చింది. అదే ఉద్యోగాలూ పోగొట్టింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఇక్కడ మన పాఠకులకు ఓ ముక్క చెప్పాలి. తమిళనాట ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే రాజపాళయం వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఆనాటి హైదరాబాద్ జట్లలో తెలుగు, ఉర్దూ ఇళ్ల వాళ్లతో పాటు తమిళ మూలాలున్న వాళ్లూ ఉండేవారు. ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో ఓ తమిళ ఇంట పుట్టారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లో. పేరు తెచ్చుకున్నది మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో. అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి... పొట్టకూటికి వెళ్లినచోటే పేరు తెచ్చుకున్నవాళ్లు వీళ్లు.

స్టాపర్ ఏం చేస్తాడు?

క్రికెట్ ఒక్కటే తెలిసినవాళ్ల కోసం కాస్త వివరం. పాత రోజుల్లో వెనక ముగ్గురు ఉండేవారు. 1950లు ముగిసేసరికి ఆ లెక్క మారింది. వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు. ఈ 4-2-4 పద్ధతిని మనదేశంలో ముందుగా వాడినవాళ్లలో రహీం ఒకరు. వెనక నలుగురిలో రెండు పక్కలా ఇద్దరు. నడిమధ్యన ఇద్దరు. ఆ నడిమధ్య వాడే స్టాపర్. ఎదుటి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైనవాడు అతని వాటా.

చూసేవాళ్లకు స్టాపర్ అంటే కాలు అడ్డం పెట్టేవాడు, ఎగిరి తలతో కొట్టేవాడు. నిజానికి మంచి స్టాపర్ నేల మీద పడేది తక్కువ. కాలు విసిరి పడిపోయాడంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. బంతి ఎటు రాబోతోందో ఒక అడుగు ముందే కనిపెట్టాలి. పక్క డిఫెండర్ ముందుకెళితే వాడి ఖాళీ చూసుకోవాలి. గోల్‌కీపర్‌కు అడ్డు రాకూడదు. పైగా గొంతు కావాలి. మైదానం మొత్తం కనిపించేది వెనకున్నవాడికే కాబట్టి అరిచి చెప్పాల్సింది వాడే. మిల్లులో రాత్రి షిఫ్టు వాచ్‌మన్ పనిలాంటిదే. తెల్లారేదాకా ఏమీ జరగకపోతే పని బాగా చేసినట్టు. ఆ సంగతి ఎవరూ గమనించరు.

కలకత్తాలో ఈ పని మరీ కష్టం. అక్కడి లీగ్ ఎండాకాలం చివర్లో మొదలై వానాకాలమంతా సాగేది. మైదానం బురద. నీళ్లు పీల్చి బరువెక్కిన తోలు బంతి. అలాంటి బంతిని తలతో కొట్టి పంపడమంటే సాయంత్రానికి మెడ పట్టేయడమే.

ఇలిస చేప... రొయ్య

కలకత్తా ఫుట్‌బాల్ కథ తెలియకపోతే నయీముద్దీన్ జీవితం సగమే తెలిసినట్టు. అక్కడ మూడు పెద్ద క్లబ్బులు. మోహన్ బగాన్ పడమటి బెంగాల్ పాతకాపులది. ఈస్ట్ బెంగాల్ విభజనప్పుడు ఇల్లూ వాకిలీ వదిలి తూర్పు నుంచి వచ్చినవాళ్ల గుండెకాయ. మహమ్మడన్ స్పోర్టింగ్ ముస్లింల అభిమాన జట్టు. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజున బజార్లో ఇలిస చేప ధర పెరిగేదట. మన గోదారోళ్ల పులసే అది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర. ఓడిన ఇంట్లో పొయ్యి వెలిగేది కాదంటే అతిశయోక్తి అనుకోవచ్చు. కానీ ఆ నగరంలో ఆటకు ఉన్న విలువ అది.

సీజన్ ముగియగానే ఆటగాళ్లు క్లబ్బులు మారే రోజులు వచ్చేవి. ఆ రోజుల్లో అక్కడ నడిచేది నాటకమే. సంతకం పెట్టేదాకా ఆటగాడిని ఎదుటి క్లబ్బు కంటపడకుండా ఏదో ఇంట్లో దాచేవారు. ఇలా గుంజులాడుకున్నది ఎక్కువగా ఫార్వర్డ్‌ల కోసమే. డిఫెండర్ అయినా నయీముద్దీన్‌కు ఆ గిరాకీ ఉండేది. ఈస్ట్ బెంగాల్ తర్వాత మోహన్ బగాన్‌కు ఆడారు. 1970లో మళ్లీ ఈస్ట్ బెంగాల్. తర్వాత మహమ్మడన్ స్పోర్టింగ్. మూడు క్లబ్బుల జెర్సీలూ వేసుకున్నారు. భాష వేరు, తిండి వేరు, గ్యాలరీలో వేలమంది. నిన్నటిదాకా జేజేలు కొట్టినవాళ్లే క్లబ్బు మారిన మరునాటి నుంచి తిట్లు లంకించుకునేవారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు వాటన్నిటికీ అలవాటు పడ్డాడు.

‘ప్రొఫెషనల్’ అనే మాట గురించీ ఒకటి చెప్పుకోవాలి. కాగితం మీద ఆనాటి ఆటగాళ్లంతా అమెచ్యూర్లే. పోలీసులోనో, రైల్వేలోనో, పోర్టులోనో, బ్యాంకులోనో ఉద్యోగం. ఆట పక్కపని. క్లబ్బులు మాత్రం చేతిలో డబ్బు పెట్టేవి. అది అందరికీ తెలిసిన రహస్యం. దేశంలో జాతీయ లీగ్ మొదలైందే 1996లో. అంటే నయీముద్దీన్ తరం వాళ్లు పని ప్రొఫెషనల్‌గా చేశారు. ఆ పేరూ, ఆ భద్రతా మాత్రం వాళ్లకు దక్కలేదు.

1970... రెండు పరీక్షలు

ఆయన ఆట జీవితంలో ఒక్క సంవత్సరం గురించే చెప్పాలంటే అది 1970. ఆ సెప్టెంబరులో ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్. ఈస్ట్ బెంగాల్ ఎదుట ఇరాన్‌కు చెందిన పాస్ టెహ్రాన్ క్లబ్బు. ఒళ్లూ పొడుగూ అన్నింట్లో పైచేయిగా ఉన్న జట్టు. మ్యాచ్ చివరిదాకా గోల్ లేదు. ఆఖర్లో హబీబ్ స్థానంలో దిగిన పరిమళ్ డే గోల్ కొట్టాడు. 1-0. విదేశీ జట్టును ఫైనల్లో ఓడించి షీల్డ్ గెలిచారని కలకత్తా ఊగిపోయింది. పరిమళ్ డే పేరు బెంగాల్లో ఈనాటికీ చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే. అయితే అతను కొట్టేదాకా స్కోరును 0-0గా నిలబెట్టినవాళ్లు వెనకున్నారు. నయీముద్దీన్, సుధీర్ కర్మాకర్, శాంత మిత్ర ఉన్న ఆ వరుస పగిలి ఉంటే పరిమళ్ గోల్ ఓదార్పు గోల్ అయ్యేది!

మూడు నెలలు తిరక్కుండానే డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడలు. ఈసారి దేశం జెర్సీ. చేతికి కెప్టెన్ పట్టీ. కోచ్ జి.ఎం.హెచ్.బాషా. జట్టులో హబీబ్, మగన్ సింగ్, సుభాష్ భౌమిక్, శ్యామ్ థాపా, సుధీర్ కర్మాకర్.

అప్పటికి భారత ఫుట్‌బాల్ జారుడు మెట్టు మీద ఉంది. జకార్తా స్వర్ణం ఎనిమిదేళ్ల పాత మాట. ఆ జకార్తా ఫైనల్ గురించీ ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్లలేం. ఆ పోటీల్లోనే తల పగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సెమీస్‌లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. తలకు కట్టుతోనే ఆడిన జర్నైల్ రెండింట్లోనూ గోల్ కొట్టాడు. ఛత్రపట్టి మగ్గాల మీద రోజూ నేస్తున్నామే, ఆ బ్యాండేజీ గుడ్డ చూసినప్పుడల్లా గుర్తుచేసుకోదగ్గ కథ. డిఫెండర్ పేరు దేశమంతా తెలియాలంటే అతను కూడా గోల్ కొట్టాల్సి వచ్చింది మరి.

నయీముద్దీన్‌కు అలాంటి సినిమా ఘట్టం లేదు. ఆయన పని వెనకే. తొలి దశలో థాయ్‌లాండ్‌తో 2-2. దక్షిణ వియత్నాం మీద 2-0. తర్వాతి దశలో ఇండోనేసియా మీద 3-0. జపాన్ చేతిలో 0-1. సెమీఫైనల్లో బర్మా 2-0తో ఓడించింది. ఆ బర్మాయే చివరకు దక్షిణ కొరియాతో స్వర్ణం పంచుకుంది. ఇక మిగిలింది కాంస్య పతకం మ్యాచ్. ఎదురుగా మళ్లీ జపాన్. రెండేళ్ల కిందటే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు. కొన్ని రోజుల ముందే మనల్ని ఓడించిన జట్టు.

ఈసారి జపాన్‌కు గోల్ దక్కలేదు. భారత్ 1, జపాన్ 0. మెడలో కాంస్యం.

ఆ తర్వాత ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్‌కు పతకం రాలేదు. 1982లో సొంతగడ్డ ఢిల్లీలో ఆడినా క్వార్టర్‌ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో 1-0తో ఓటమి. కొన్నిసార్లు జట్టునే పంపలేదు. 2018లోనూ అంతే. అలా చూస్తే నయీముద్దీన్ జట్టు ఓ కాలానికి ఆఖరు గుర్తు.

శిష్యుడికి ముందు గురువు!

ఇక్కడే అసలు చిత్రం. 1970 జట్టులోని మగన్ సింగ్‌కు 1973లో అర్జున అవార్డు వచ్చింది. హబీబ్‌కు 1980లో. వాళ్లిద్దరూ గోల్స్ కొట్టేవాళ్లు. కాంస్యం తెచ్చిన కెప్టెన్‌కు? 1997లో. అంటే పతకం మెడలో పడ్డ 27 ఏళ్లకు. ఇంకా విడ్డూరం ఏమిటంటే, కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య ఆయనకు అంతకు ఏడేళ్ల ముందే, 1990లో వచ్చింది. ఫుట్‌బాల్‌లో ద్రోణాచార్య అందుకున్న తొలి కోచ్ ఆయనే. పురాణంలో ద్రోణుడి దగ్గర నేర్చుకున్నాక అర్జునుడు. ఈయన విషయంలో ప్రభుత్వం లెక్క తిరగబడింది. నువ్వు మంచి గురువువని ముందు ఒప్పుకొని, నువ్వు మంచి ఆటగాడివని తర్వాత ఒప్పుకుంది.

అవార్డుల కమిటీలకు ఎవరెవరు దరఖాస్తు చేశారు, ఎవరు సిఫార్సు చేశారు అన్నది వేరే లెక్క. కానీ గోల్స్ సంఖ్య చూపించలేని ఆటగాడు తన గొప్ప ఎలా రుజువు చేసుకుంటాడు? ఆపిన బంతుల పట్టిక ఆ రోజుల్లో ఎవరూ రాయలేదు. టీవీ రికార్డింగులు లేవు. ఉన్నవల్లా అప్పటి పత్రికల స్కోరు పంక్తులు, చూసినవాళ్ల మాటలు. చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. 2023లోనే ఫిబ్రవరిలో బలరాం, ఆగస్టు 15న హబీబ్ కన్నుమూశారు.

కోచ్ అంటే హడల్

బూట్లు విడిచాక ఆయన కోచ్‌గా కుదురుకున్నారు. తాను ఆడిన మూడు కలకత్తా క్లబ్బులకూ వేర్వేరు సమయాల్లో శిక్షణ ఇచ్చారు. 1990 సీజన్ అందులో శిఖరం. ఆయన చేతికింద ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. మూడూ ఒకే ఏడాది గెలవడాన్ని ఆ రోజుల్లో ‘ట్రిపుల్ క్రౌన్’ అనేవారు. పిల్లికి చెలగాటం కాదది.

ఆటగాళ్లకు ఆయన పేరు చెబితే హడల్. పొద్దున్నే పరుగులు. ఫిట్‌నెస్ కసరత్తులు. తిండి మీద ఆంక్షలు. స్టార్ అయినా, నిన్న చేరిన పిల్లాడైనా ఒకటే రూలు. రహీం సాబ్ బడి నుంచి వచ్చినవాడు ఇంకెలా ఉంటాడు? అయితే కాలం మారింది. 1950ల్లో పోలీస్ జట్టులో కోచ్ మాటంటే ఆజ్ఞ. తర్వాతి రోజుల్లో స్టార్ ఆటగాడి వెనక క్లబ్బు పెద్దలు, వాళ్ల వెనక అభిమానులు. గొడవలయ్యాయి. ఓ క్లబ్బు తీసేయడం, కొన్నాళ్లకు మరో క్లబ్బు పిలవడం, ఇంకొన్నాళ్లకు మళ్లీ మొదటివాళ్లే కబురు పెట్టడం. ఆయన పద్ధతి మాత్రం మారలేదు. కొంచెం మెత్తబడి ఉంటే ఇంకా ఎక్కువ కాలం నిలబడేవారేమో. కానీ అప్పుడు ఆయన ఆయన కాకపోయేవారు.

సరిహద్దు అవతలకూ వెళ్లారు. ఢాకాలో బ్రదర్స్ యూనియన్ క్లబ్బుకు కోచ్‌గా పేరు సంపాదించారు. 2007లో బంగ్లాదేశ్ జాతీయ జట్టు బాధ్యతలూ చూశారు.

అంతకుముందు భారత జట్టుకు కోచ్‌గా ఉన్నప్పటి ఆరు నెలలు ఆయన జీవితంలో తీపీ చేదూ కలిసినవి. 2005 డిసెంబరులో కరాచీలో శాఫ్ కప్. ఫైనల్లో బంగ్లాదేశ్ మీద 2-0. ఒక గోల్ కెప్టెన్ బైచుంగ్ భూటియాది. రెండోది మెహ్రాజుద్దీన్ వాడూది. డిఫెండర్! డిఫెండర్ కోచ్‌గా ఉన్న జట్టుకు డిఫెండర్ గోల్ కొట్టి కప్పు తెచ్చాడు.

ఆ సంబరం రెండు నెలలే. 2006 ఫిబ్రవరిలో ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లో జపాన్ ఆరు గోల్స్ కొట్టింది. మనవాళ్లు ఒక్కటీ కొట్టలేదు. వారం తిరగ్గానే ఢిల్లీలో యెమెన్ చేతిలో 0-3. ఆ ఏడాదే ఆయన్ను తప్పించి ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హాటన్‌కు పగ్గాలు ఇచ్చారు. 36 ఏళ్ల కిందట బ్యాంకాక్‌లో తాను కెప్టెన్‌గా గోల్ ఇవ్వకుండా ఆపిన జపానే అది. 1970లో రెండు దేశాలూ పక్కపక్కన నిలబడ్డాయి. తర్వాత జపాన్ 1993లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టి, పిల్లల నుంచి శిక్షణ మొదలుపెట్టి, 1998లో ప్రపంచ కప్‌కు వెళ్లింది. మన దగ్గర కోచ్‌లు మారారు. యోకోహామాలో పడిన ఆరు గోల్స్‌కు ఒక్క మనిషిని బాధ్యుణ్ని చేయడం తేలిక. మూడున్నర దశాబ్దాల లెక్క తీయడం కష్టం. మనవాళ్లు తేలికైనదే ఎంచుకున్నారు.

ఊరు ఏమైంది?

నయీముద్దీన్ తరాన్ని కన్న ఊరి సంగతీ చూడాలి. 1956 మెల్‌బోర్న్ జట్టులో తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, బలరాం, కన్నన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, సలాం... ఇలా హైదరాబాద్ గడ్డతో సంబంధం ఉన్నవాళ్లు వరుసగా కనిపిస్తారు. తర్వాత? మంచి ఆటగాళ్లు కలకత్తాకు తరలిపోయారు. రహీం లాంటి పంతులు మళ్లీ దొరకలేదు. పోలీసు, ప్రభుత్వ సంస్థల జట్లు బలహీనపడ్డాయి. గల్లీ ఆట స్థలాల్లో బిల్డింగులు లేచాయి. మిగిలిన ఖాళీలో పిల్లలు క్రికెట్ స్టంపులు పాతారు.

ఆశ పుట్టిన రోజూ ఒకటుంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఏకంగా టైటిలే గెలిచింది. రహీం సాబ్ రోజులు మళ్లీ వచ్చాయన్నారు. కానీ డబ్బుల ఇబ్బందులు చుట్టుముట్టాయి. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. ఒకప్పుడు కలకత్తాకు ఆటగాళ్లు పోయారు. ఈసారి జట్టు జట్టే పోయింది.

2024 డిసెంబరు 31న హైదరాబాద్‌లోని గచ్చిబౌలి మైదానంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. ఆడినవి బెంగాల్, కేరళ. ఒకప్పుడు క్విలాన్ దాకా వెళ్లి బెంగాల్‌ను ఓడించి కప్పు తెచ్చిన ఊళ్లో, బెంగాల్ 1-0తో గెలిచి కప్పు పట్టుకెళ్లింది.

దానికి ఏడాది ముందు, 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు. సునీల్ ఛెత్రితో పాటు సీనియర్ డిఫెండర్ సందేశ్ జింగాన్‌ను వెంట తీసుకెళ్లిన భారత జట్టు తొలి రౌండ్ దాటింది. ప్రీక్వార్టర్స్‌లో సౌదీ అరేబియా 2-0తో ఇంటికి పంపింది. బ్యాంకాక్ కాంస్యానికి అప్పటికి 53 ఏళ్లు.